కోసి చూడమన్న మేస్త్రి

ఆవిడ మా ముఠా మేస్త్రి. చిలకలూరిపేట చుట్టుపక్కల మిరప కల్లాల్లో పాతికమంది ఆడవాళ్లం ఆమె కింద రంగు పోయిన తాలుకాయలు ఏరేవాళ్లం. ఎంత ఎర్రటి కాయనైనా గోటితో చీల్చి, లోపల బూజు ఉందేమో చూసేది. పైరంగు చూసి నమ్మే మనిషి కాదు.

గుంటూరులో ఆమెకి కేన్సరు పట్టిన కిడ్నీని పొట్ట మీద చిన్న బెజ్జాలు పెట్టి తీశారు. నాలుగు నెలలకి ఒక బెజ్జం మచ్చ మీద శనగగింజంత బుడిపె లేచింది. మిరప ఘాటుకి లేచిన సెగగడ్డేనని ఆముదం రాయమన్నది నేనే. నాది బుద్ధితక్కువ.

"సెగగడ్డయితే నొప్పి పుట్టాలి కదే," అని నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోయింది.

చిన్న డాక్టరు వేలితో నొక్కి, "కుట్టు ముడి అమ్మా, దానంతటదే కరిగిపోతుంది," అన్నాడు.

"కోసి పరీక్షకి పంపు బాబూ. ముడే అయితే నీ ముందు చెంపలేసుకుంటా. అందాకా ఈ కుర్చీలోంచి లేవను," అంది. లేవలేదు కూడా.

పరీక్షలో కేన్సరనే వచ్చింది. అప్పట్లో కిడ్నీని బయటికి లాగేటప్పుడు కేన్సరు కణాలు ఆ బెజ్జం దారిలో రాలి పెరిగాయని, అరుదుగా ఇలా జరుగుతుందని పెద్ద డాక్టరు దాచకుండా చెప్పాడు. చుట్టూ కండతో సహా తీసేయాలని, మచ్చ పెద్దదవుతుందని నసిగాడు.

"ఎంత కావాలంటే అంత కోయండి. నేనేం పెళ్లిచూపులకి కూర్చోబోవడం లేదు," అంది.

ఆ తర్వాత రెండు పంటలు మా మీద అరుస్తూ పని చేయించింది. మూడో పంటకి లేదు. ఆ రెండూ ఆమె మొండికేసి సంపాదించుకున్నవే, ఎవరో దయతలిచి ఇచ్చినవి కావు.