మేనమామ మహారాజు

కండక్టరు బసవయ్యకు వరుస కలవని మనిషి పల్నాడులో లేడు. ఉన్నాడని ఎవరైనా అన్నారంటే, ఆ మనిషి ఇంకా బసవయ్య కంట పడలేదని అర్థం.

ఎవరు ఎదురైనా నమస్కారం కంటే ముందు ఆయన నోటి నుంచి వచ్చేది ఒకటే ప్రశ్న. "మీ అమ్మ పుట్టిల్లు ఏ ఊరు?" ఊరు చెప్పగానే రెండో ప్రశ్న. "ఆమెకి అన్నదమ్ములెంతమంది?" ఆ తర్వాత కళ్లు మూసుకుని, వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటూ, మనసులోనే కారెంపూడిలో బస్సెక్కి, దాచేపల్లిలో మారి, బెల్లంకొండ చుట్టి, మూడు నిమిషాల్లో కళ్లు తెరిచేవాడు. విచిత్రమేమిటంటే, ఎక్కడ ఎక్కినా ఆయన దిగే స్టాపు మాత్రం ఒకటే.

"అయితే నేను నీకు మేనమామనవుతా!"

నరసరావుపేట డిపోలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఆ ముప్ఫై ఏళ్లలో మాచర్ల రూటు మొత్తం ఆయనకు మేనల్లుళ్లతో, మేనకోడళ్లతో నిండిపోయింది. అలాగని టికెట్టు వదిలిపెట్టే రకం కాదు. "మేనల్లుడి దగ్గర కూడా టికెట్టేంది మామా?" అని ఓ కుర్రాడు గొణిగితే, "మేనల్లుడివి కాబట్టి టికెట్టు కొడతన్నా. పరాయోడివైతే పిడుగురాళ్లలోనే దించేసేవాణ్ణి" అన్నాడట. ఓసారి తనిఖీ అధికారి ఎక్కి, టికెట్టు లేని ప్రయాణికుణ్ణి ఒకణ్ణి పట్టుకున్నాడు. బస్సు గురజాల చేరేసరికి ఆ అధికారి మెమో రాస్తూనే, "మామయ్యా, మరోలా అనుకోవద్దు, డ్యూటీ" అని రెండుసార్లు చెప్పుకున్నాడు.

రిటైరయ్యాక బస్సు పోయింది గానీ అలవాటు పోలేదు. కాలర్ ట్యూన్ పెట్టుకోమని ఎక్కణ్ణుంచో ఫోన్ చేసిన అమ్మాయి, ఇరవై నిమిషాల తర్వాత ట్యూన్ సంగతి మరిచిపోయి, "ఉంటాను మామయ్యా, అత్తయ్యను అడిగానని చెప్పండి" అని పెట్టేసింది.

ఎన్ని వరుసలుండగా ఈ మేనమామ వరుసే ఎందుకు? ఆయన ఉండే బరంపేటలో దీనికి జవాబు అందరికీ తెలుసు. మర్యాదల కోసం! శుభకార్యాల్లో మేనమామకు జరిగే గౌరవం ఇంకెవరికి జరుగుతుంది? మొదటి పంక్తి, పెద్ద విస్తరి, రెండు గారెలు ఎక్కువ. బసవయ్య మేడమీద వాటాలో అద్దెకుంటున్న నీలిమ కూడా అదే నమ్మింది. ఇల్లు చూడటానికి వచ్చిన రోజు ఆమె "అంకుల్" అంది. ఆమె తల్లికి ఇద్దరు తమ్ముళ్లని తెలుసుకుని, "ఇద్దరేనా? అయితే నేను మూడోవాణ్ణి" అని తాళం చేతిలో పెట్టాడు.

నీలిమ ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఆమె ప్రాణం మాత్రం ఆ పాఠాల్లో లేదు, తాను రెండేళ్లు కూర్చుని రాసిన ఒక ఆటలో ఉంది. పేరు 'ఏడు కోటలు'. బల్ల చుట్టూ కూర్చుని ఆడాలి. ఒకరు కథ చెబుతుంటారు. మిగతావాళ్లు ఒక్కో పాత్రను కాగితం మీద తయారుచేసుకుని ఆ కథలోకి దిగుతారు. ఎవరేం చేసినా అది ఫలించిందో లేదో చెప్పడానికి ఇరవై ముఖాల పాచిక ఒకటుంటుంది. సెల్‌ఫోన్లు బాగుచేసే కార్తీక్ ఈ ఆటలో మంత్రగాడు. లారీ ఆఫీసులో పనిచేసే సల్మాన్ సేనాపతి. రాజుగా ఆడే సింధుకి విశాఖలో ఉద్యోగం రావడంతో సింహాసనం ఖాళీ అయింది.

అది కూడా ఎప్పుడు? విజయవాడలో ఆటల పెట్టెలు అచ్చువేసి అమ్మే నాగార్జున, "ఈ ఆదివారం కాదు, పై ఆదివారం వచ్చి చూస్తాను. నచ్చితే అచ్చువేస్తా, నచ్చకపోతే మళ్లీ అడగొద్దు" అని కబురుపెట్టిన వారమే. "రాజు గట్టిగా ఉండాలమ్మా. నలుగురినీ ఆకట్టుకునే రాజు లేకపోతే ఈ ఆటలు నిలబడవు" అని కూడా అన్నాడు. 

ఆ సాయంత్రమే కింద సందులో ఒక లారీ, ఒక ట్రాక్టరు ఎదురెదురుగా ఇరుక్కుని, డ్రైవర్లిద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. లుంగీ పైకి కట్టుకుని బసవయ్య బయటికొచ్చాడు. "ఒరేయ్, ఇద్దరూ మేనత్త మేనమామ బిడ్డలు. నాకు ఇద్దరూ మేనల్లుళ్లే. మీలో మీకేందిరా గొడవ?" అని ఈల ఊదాడు. వాళ్లు ఆ చుట్టరికాన్ని అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తూనే చెరో వైపుకీ వెనక్కి తీశారు. మేడమీద నుంచి చూస్తున్న నీలిమకు రాజు దొరికాడు.

నాగార్జున రావడానికి ఇంకా వారం ఉండగా, ఆదివారం పొద్దున రాజుగారి కాగితం నింపడం మొదలైంది.

"బలం ఎంత వేయమంటారు మామయ్యా?"

"మోకాళ్ల నొప్పులున్నయ్యమ్మా. తక్కువెయ్యి."

"మీక్కాదు, రాజుకి."

"రాజుకి మాత్రం రావా?"

బలం మూడు పడింది. ఆయుధం దగ్గర కత్తి, గద, విల్లు అన్నీ విని, ఈల అని రాయించాడు. చివరికి అసలైన గడి వచ్చింది.

"ఆకర్షణ అంటే ఏందమ్మా?"

"జనానికి చూడగానే మాట వినాలనిపించడం మామయ్యా. నిలబడమంటే నిలబడాలి, జరగమంటే జరగాలి."

"అట్టా చెప్పవేందమ్మా! రాజంటే కండక్టరేగా!"

ఆకర్షణ పద్దెనిమిది. అంతకంటే ఎక్కువ వేయడానికి ఆటలో వీల్లేదు. అంతా అయిందనుకుంటే బసవయ్య కాగితాన్ని తిరగేసి చూశాడు.

"రాజుకి అక్కచెల్లెళ్లెంతమందో రాయలేదే?"

"ఆ గడి లేదు మామయ్యా."

"లేకపోతే గియ్యి. ఏకాకి రాజు మాట ఎవరింటారు?"

నీలిమ గడి గీసింది. పేరు దగ్గర ఆయన తడుముకోకుండా 'మేనమామ మహారాజు' అని రాయించాడు.

ఆట మొదలైన పావుగంటకే నీలిమ తప్పు చేశానని గ్రహించింది. మొదటి కోట కాపలాదారు ఈటె అడ్డం పెట్టి, "ఎవరక్కడ?" అన్నాడు. మహారాజు, "మీ అమ్మ పుట్టిల్లు ఏ ఊరయ్యా?" అన్నాడు. కాపలాదారుకు తల్లి ఉంటుందన్న సంగతే నీలిమకు రెండేళ్లలో తట్టలేదు.

"కొండల అవతల" అంది తడబడుతూ.

"కొండల అవతల ఏ ఊరు?"

ఊర్లు పుట్టించీ పుట్టించీ అలిసిపోయి ఆమె చివరికి "దుర్గి పక్కన" అనేసింది. ఇంకేముంది, కాపలాదారు మేనల్లుడయ్యాడు. అడవి దొంగలు ముప్ఫైమందీ మూకుమ్మడిగా మేనల్లుళ్లయ్యారు. పాచిక వేసినప్పుడల్లా పద్దెనిమిది ఆకర్షణకు అదనంగా కలిసే నాలుగు మహారాజును గట్టెక్కించింది. రెండు గంటల్లో నాలుగు కోటలు నెత్తురు చుక్క లేకుండా లొంగిపోయాయి.

"మామా, నా కత్తి తుప్పు పడతంది" అన్నాడు సల్మాన్ దీనంగా. సల్మాన్ తల్లిని అక్కా అని పిలిచి వాడికి ఎప్పుడో మేనమామ అయిపోయాడాయన.

"నేను నేర్చుకున్న మంత్రాలన్నీ వేస్టేగా" అన్నాడు కార్తీక్.

నీలిమకు ఏడుపొక్కటే తక్కువ. యుద్ధం లేని యుద్ధపుటాటను నాగార్జున అచ్చువేస్తాడా?

"మామయ్యా, వచ్చే ఆదివారం ఒక్కరోజు వరుసలు కలపకండి. నా రెండేళ్ల కష్టం."

"ఒక్కడితో కూడానా?"

"ఒక్కడితో కూడా."

"ఆ చివర్లో వచ్చే రాక్షసుడితో?"

"ముఖ్యంగా రాక్షసుడితో!"

బసవయ్య ఒకసారి పాచిక వంక చూశాడు. ఆ తర్వాత గొంతు పట్టుకుని ఒట్టేశాడు. ఉప్పు మానేయమని డాక్టరు చెప్పిన రోజున కూడా ఆయన ముఖం అంత చిన్నబోలేదు.

శనివారం ఆ ఒట్టు గుర్తుచేద్దామని నీలిమ కిందికి దిగింది. బసవయ్య లేడు. ఆయన భార్య నాగేంద్రమ్మ బీరువా తలుపులు తీసి, బొటనవేలెడంత కాలర్లున్న చొక్కాలు, కుచ్చుల గౌన్లు మంచం మీద పరిచి సర్దుతోంది.

"ఎవరికి అత్తయ్యా ఇవన్నీ?"

"ఇంకెవరికి, మీ మామయ్య మేనల్లుళ్లకి! నా చీరలు పెట్టుకోడానికి చోటుందా చూడు" అని నాగేంద్రమ్మ విసుక్కుంది. విసుగు నోట్లోనే ఉంది, చేతులు మాత్రం గౌను కుచ్చుల్ని ఒక్కొక్కటే సవరిస్తున్నాయి. "రేపు మాపటేల పిడుగురాళ్లలో ఒకడికి పుట్టెంట్రుకలు. తల్లిదండ్రులిద్దరూ సున్నపుబట్టీలో పని. మొదటి కత్తెర మేనమామ వెయ్యాలి గదా. వాడి తల్లికి అన్నదమ్ముల్లేరు."

నీలిమ మంచం అంచున కూర్చుండిపోయింది. నాగేంద్రమ్మ చెప్పుకుపోయింది.

"ఎప్పుడో కోటప్పకొండ బస్సు డ్యూటీలో ఉండంగా మొదలైందమ్మా. ఒకామె బిడ్డకి చెవులు కుట్టియ్యడానికి తీసకపోతా, దారంతా ఏడుపంట. ఒళ్లో కూకోబెట్టుకోడానికి నా బిడ్డకి మేనమామ లేడని అత్తగారు దెప్పిందని. కొండ మీద బస్సు పది నిమిషాలాగిద్ది. ఆ పది నిమిషాల్లో ఈయన పోయి కూకున్నాడు. ఖాకీ చొక్కా, మెళ్లో టికెట్ల సంచి, ఒళ్లో బిడ్డ. ఫొటో కూడా తీశారు. ఇంక చూస్కో, ఆ రోజు నుంచి కనపడ్డోళ్లందర్నీ అడగటమే, అన్నదమ్ములెంతమందని. ఉన్నారంటే వరుస కలిపి ఊరుకుంటాడు. లేరంటే ఇంటికొచ్చి ఊరూ పేరూ రాసుకుంటాడు."

"మరి అందరికీ మేనమామనని ఎందుకు చెప్పుకుంటారు? నాకు ఇద్దరున్నారుగా?"

"లేనోళ్లకే చెప్తే, జాలిపడుతున్నాడని వాళ్లు చిన్నబుచ్చుకోరూ? అందుకని ఊరందరికీ చెప్తాడు. పిచ్చి మాలోకం."

రెండు గారెలు ఎక్కువ తినడానికని నమ్మినందుకు నీలిమకు సిగ్గేసింది. ఆయన చేత ఒట్టు వేయించుకున్నందుకు అంతకంటే ఎక్కువ సిగ్గేసింది.

ఆదివారం పొద్దున బస్సు దిగి నాగార్జున వచ్చాడు. నవ్వు పొదుపుగా వాడుకునే మనిషి. బసవయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెదాలు బిగించి, బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఒట్టంటే ఒట్టే. వచ్చినాయన పేరు కూడా అడగలేదు. నీలిమ ఏదో చెప్పబోయింది గానీ నాగార్జున గడియారం చూసి, "కానివ్వండి" అన్నాడు.

యుద్ధం జోరుగా సాగింది. సల్మాన్ కత్తి దూశాడు. కార్తీక్ అగ్నిమంత్రం వేస్తే పాచిక మీద ఒకటి పడి సొంత గుడారాలు కాలిపోయాయి. మహారాజు తన వంతు వచ్చినప్పుడల్లా "సరే", "అట్టాగే" అని ఊరుకున్నాడు. గంటకే నాగార్జున ఫోను తీశాడు.

"బాగానే ఉందమ్మా. కాకపోతే ఇలాంటివి మా కొట్లో ఇప్పటికే ముప్ఫై రకాలున్నాయి."

అప్పటికి ఏడో కోట గుమ్మం దగ్గర గండశిలుడనే రాక్షసుడు నిలబడి ఉన్నాడు. సేనాపతి పడిపోయాడు, మంత్రగాడి మంత్రాలు అయిపోయాయి. బలం మూడున్న మహారాజు ఒక్కడే మిగిలాడు. నీలిమ చేతిలో రాక్షసుడు చెప్పాల్సిన మాటలు రాసుకున్న కాగితం ఉంది. 'నీ తల నా కోట తోరణం' అని మొదలవుతుంది. ఆమె ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టేసింది. బసవయ్య కళ్లలోకి చూస్తూ, గొంతు బొంగురు చేసి అంది.

"రాజా, మా అమ్మకు అన్నదమ్ములు లేరు."

బసవయ్య ఉలిక్కిపడి ఆమె వంక చూశాడు. నీలిమ తలూపింది. ఆయన కట్టుకున్న చేతులు విప్పాడు.

"ఒక్కరు కూడా లేరా నాయనా?"

"లేరు."

"మరి చెవులు కుట్టారా?"

"లేదు."

"ఎన్నేళ్లు నీకు?"

"తొమ్మిది వందలు."

"అయ్యయ్యో! తొమ్మిది వందల ఏళ్లు బోసి చెవులతో తిరుగుతన్నావా? కోపం రాక ఏమొచ్చిద్దిరా నీకు! ఇట్రా. వచ్చి ఒళ్లో కూకో."

నాగార్జున ఫోను జేబులో పెట్టాడు. "కూర్చుంటాడా?" అన్నాడు.

"పాచిక చెప్పాలి. పదిహేను దాటాలి" అంది నీలిమ.

"నేనేస్తా" అని నాగార్జున లాక్కుని మరీ వేశాడు. మూడు పడింది. పద్దెనిమిది ఆకర్షణ తెచ్చే నాలుగు కలిపినా ఏడే.

"ఓడిపోయినట్టేనా?" అన్నాడు, సొంత ఇల్లు కూలినట్టు.

"ఓడటమేందయ్యా? సూది చూసి ఏడవని పిల్లోడున్నాడా?" అన్నాడు బసవయ్య. "ఏడుస్తన్నాడు. కాళ్లు తంతన్నాడు. ఒక బురుజు కూలింది. కూలనియ్, నేను మాత్రం వదల్లా."

"మోకాళ్ల నొప్పులు మామా!" అని సల్మాన్ చచ్చిపడిన చోటి నుంచే అరిచాడు.

"చెవి మీద ఊదండి, ఊదితే ఊరుకుంటాడు!" అని నాగార్జున లేచి నిలబడ్డాడు.

మహారాజు ఈల తీసి ఊదాడు. నిజం ఈలే. రాక్షసుడు అటు తిరిగాడు, కోటలోని కంసాలి ఇటు చెవులు కుట్టేశాడు. ఈసారి పాచిక మీద పంతొమ్మిది పడింది. కార్తీక్ బల్లెక్కాడు. ఏడో కోట తలుపులు తెరుచుకున్నాయి. నీలిమ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. రెండేళ్లలో తన ఆట ఇంత బాగుంటుందని ఆమెకే తెలియలేదు.

"అచ్చువేస్తున్నానమ్మా" అన్నాడు నాగార్జున. "కొట్లాట కావాలన్నవాళ్లకి కొట్లాట ఉంచండి. ఆ అక్కచెల్లెళ్ల గడి మాత్రం తీసేస్తే ఊరుకోను."

టీలు తాగి, అందరూ ఆయన్ను సాగనంపడానికి కిందికి దిగారు. ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని నాగార్జున ఆగిపోయాడు.

"బసవయ్య గారూ, మా ఆవిడ ఒక్కతే కూతురండీ. అన్నదమ్ములెవరూ లేరు. పాపకి ఇంకా చెవులు కుట్టించలేదు" అన్నాడు నేల చూస్తూ. "మీకు వీలుంటే..."

ముప్ఫై ఏళ్లు అందరినీ అడిగిన ప్రశ్నను బసవయ్య ఈసారి అడగడం మరిచిపోయాడు. ఇంతకాలం వరుస కలిపింది ఆయనే గానీ, తమంతట తాముగా వచ్చి కలుపుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. తలూపి, కండువా కోసం భుజం తడుముకున్నాడు. కండువా లేదు.

లోపలి నుంచి నాగేంద్రమ్మ కేకేసింది.

"పాప ఎంత ఎత్తుందో చెప్పిపో నాయనా! గౌను కొలత తెలియొద్దూ?"

నాగార్జున చేతిలో చెప్పు కింద పడేసి, మోకాలికి కాస్త పైన చెయ్యి పెట్టి చూపించాడు.