సీలు విప్పని రికార్డు మీద బొట్టు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి టీ పెట్టుకోవడానికి వెళ్లిపోయే రకాన్ని నేను. ఇప్పటికీ అంతే. అయినా ఇది నా ఇంట్లో, నా కళ్ల ముందు జరిగింది కాబట్టి రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేం న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ పక్కన పాపకూరలో ఉండేవాళ్లం. అందరూ సీడీలకు మారిపోయి పాత ఎల్‌పీ రికార్డులను వదిలించుకుంటున్న కాలం. చర్చి వాళ్లు నడిపే సెకండ్‌హ్యాండ్ షాపుల్లో వయొలిన్, చెల్లో రికార్డులు పాత బట్టల పక్కన అట్టపెట్టెల్లో పడి ఉండేవి. కాఫీ ఖర్చుతో మంచి జర్మన్ రికార్డింగు దొరికేది. శనివారం వస్తే నా కాళ్లు అటే లాగేవి.

నా భార్య శైలజకు ఇదంతా వేళాకోళం. "ఒక్క సిన్మా పాట లేదు. మాటల్లేని పాటలకు ఇల్లంత రాసిచ్చినవ్" అనేది. అయినా ఇంటికొచ్చిన ప్రతి రికార్డుకూ మధ్యలోని కాగితం లేబుల్ మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టందే ప్లే చేయనిచ్చేది కాదు. కారుకూ మిక్సీకీ పెట్టినట్టే. పేర్లు కనబడాలని ఎప్పుడూ కింది అంచునే పెట్టేది.

ఆమె క్యాన్సర్‌తో పోయింది. నాకు ఏడుపు రాలేదు. ఆఫీసుకు వెళ్లాను, వండాను, పాపకు లంచ్‌బాక్స్ సర్దాను. లోపల ఏమీ కదల్లేదు. ఏడేళ్ల పాప కూడా ఏడవలేదు. అమ్మ మాటే ఎత్తేది కాదు. బళ్లో నోరు విప్పడం లేదని టీచర్ చెప్పింది. హైదరాబాద్‌లో అమ్మమ్మ దగ్గరికి పంపేయమని అందరూ అంటే సరేనన్నాను. టికెట్ కూడా కొన్నాను. అప్పుడూ నాకేమీ అనిపించలేదు. తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది.

ఏడాది సూతకం కాబట్టి దేవుడి అలమర మూసే ఉంది. శైలజ కుంకుమ భరిణెను ఆమెతోపాటే పంపేశాం. ఇంట్లో చిటికెడు కుంకుమ లేదు.

ఒక శనివారం అలవాటు కొద్దీ పాపను తీసుకుని షాపుకు వెళ్లాను. కంపెనీ ప్లాస్టిక్ సీలు కూడా విప్పని చెల్లో రికార్డు ఒకటి దొరికింది. మధ్యాహ్నం వెలుతురులో, డైనింగ్ టేబుల్ దగ్గర, సీలు నేనే కత్తితో కోశాను. పాప ఎదురుగా కూర్చుని చూస్తోంది. రికార్డు బయటికి తీశాను.

లేబుల్ కింది అంచున పసుపు. దాని మధ్యలో కుంకుమ బొట్టు. తాకితే వేలికి తడి అంటింది.

నా చేతులు చూసుకున్నాను. పాప చేతులు చూశాను. లోపలి తెల్ల కవరు మీద ఎక్కడా మరక లేదు. నాకు భయం కూడా వేయలేదు, అంత మొద్దుబారిపోయి ఉన్నాను. రికార్డును మళ్లీ కవరులో పెట్టేయబోయాను.

పాప నా చెయ్యి పట్టుకుంది. "డాడీ, అమ్మ బొట్టు పెట్టేసింది కదా. నౌ యు కెన్ ప్లే ఇట్."

ప్లే చేశాను. చెల్లో మొదలైన కాసేపటికి పాప అమ్మా అంటూ ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. నాకు అప్పుడూ కన్నీళ్లు రాలేదు. కానీ దాని వీపు నా చేతి కింద అదరడం తెలిసింది. శైలజ పోయాక నాకు తెలిసిన మొదటి సంగతి అదే.

మనవాళ్లెవరో విప్పి మళ్లీ సీలు వేసి ఉంటారని స్నేహితులు అన్నారు. మరి ఆ తడి ఏమిటంటే మాట మార్చేశారు.

సోమవారం ఆఫీసుకు వెళ్లేముందు పాప టికెట్ రద్దు చేయించాను.