అచ్చెక్కిన బద్ద

హెస్టర్ పిల్బీమ్ ఇంగ్లండులో ఓ నిఘంటువు కార్యాలయంలో పదిహేనేళ్లుగా చీటీలు పేరుస్తోంది. ఒక్కో చీటీ మీద ఏదో పుస్తకంలోంచి ఎత్తిరాసిన ఒక వాక్యం ఉంటుంది. ఈ చలికాలమంతా ఆమె ముందున్న మాట ‘స్వే’. గాలికి చెట్టు ఊగడమూ అదే, రాజు జనాన్ని తన మాట మీద నడపడమూ అదే. ఎప్పుడో ఉత్తర సముద్రం దాటి ఓడల్లో వచ్చినవాళ్ల నోట ‘వంచడం’గా మొదలైందట. చదువుతూ చదువుతూ ఆమె తనకు తెలియకుండానే కుర్చీలో మెల్లగా ఊగేది. ఊళ్లో ఇళ్లకు గడ్డి కప్పే తండ్రి ఏబెల్‌కి మాత్రం ‘స్వే’ అంటే గడ్డి ఎగిరిపోకుండా అడ్డంగా అదిమిపెట్టే కర్రబద్ద. హెస్టర్ ఆ అర్థం చీటీ మీద రాసిస్తే నిఘంటువు సంపాదకుడు తిప్పి ఇచ్చేశాడు. “అచ్చులో ఉందా అమ్మాయ్? అక్షరమ్ముక్క రాని మీ నాన్న నోట్లో ఉంటే చాలదు.”

ఆదివారం ఆ సంగతి విని ఏబెల్ బద్ద వంచుతూ నవ్వాడు. “మరి వాళ్ల పుస్తకాల మీద వాన పడకుండా ఆపేదెవరటే?” హెస్టర్ ‘స్వే’ గురించి తండ్రి మాటలే ఉత్తరంగా రాసి, ఆయన పేరుతో జిల్లా పత్రికకు పంపింది. అచ్చయ్యాక కత్తిరించి, చీటీకి అతికించి, సంపాదకుడి ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు. “మీ నాన్నకి రాయడం రాదు కదా?” “ఇప్పుడూ రాదండి,” అంది హెస్టర్, మెల్లగా ఊగుతూ. “అచ్చులో మాత్రం ఉన్నాడు.”