మంత్రి కుర్చీలో వాల్‌బుర్గా

మ్యూనిక్ ప్రాంతీయ టీవీలో ప్రతి బుధవారం రాజకీయ చర్చకు ముందు, దీపాలు సరిచూసుకోవడానికి, మంత్రి వచ్చేదాకా ఆయన కుర్చీలో వాల్‌బుర్గాను కూర్చోబెడతారు. కుర్చీలు పట్టుకు వేలాడేవాళ్లను నేను చాలా దేశాల్లో చూశాను. ఈ ముసలావిడ మాత్రం అంచునే కూర్చుంటుంది. మైకు చూసే కోర్బినియన్, గొంతు సరిగ్గా వినిపిస్తోందో లేదో చూడ్డానికి ఎవరినైనా అడిగేది ఒకటే: "ఇవాళ ఏం తిన్నారు?" భర్త పోయాక ఆమెను ఆ మాట అడిగేది అతనొక్కడే. మిగతా రోజులు రొట్టెముక్కతో గడిపే మనిషి, బుధవారం చెప్పుకోవడానికే వండుకుంటుంది.

"రవ్వ ఉండల చారు నాయనా. ఉండలు విరక్కుండా..."

"చాలమ్మా, మంత్రులు కూడా ఇంతసేపు మాట్లాడరు. ఆయనొచ్చారు, లేవండి."

మంత్రి కూర్చున్నాడు. అదే ప్రశ్న. "కాఫీ," అన్నాడు.

కెమెరా వెనక చీకట్లో, మైకు లేకుండానే, వాల్‌బుర్గా మెల్లగా ముగించింది: "పైన ఉల్లికాడలు కూడా చల్లాను."