చలపతి మాస్టారి కట్టెల యంత్రం

అండమాన్ దీవిలో, గరాచర్మ బడిలో సైన్సు చెప్పే చలపతి మాస్టారు తొందరపడి ఏ పనీ చేసే మనిషి కాదు. పెళ్ళి ఒక్కటీ వేళకు అయిందంటే అది పెద్దవాళ్ళు కుదర్చబట్టి. కూతురు పుట్టాక ఆయన జాగ్రత్త మరీ ముదిరింది. ఉయ్యాల తాడు పిల్ల బరువు ఆపుతుందో లేదో తెలుసుకోవడానికి అందులో బియ్యం బస్తా వేసి ఊపాడు. తాడు తెగలేదు గాని బస్తా చిరిగింది.

పిల్లకు పొగ పడదు. పొయ్యి రాజెయ్యగానే దగ్గు అందుకుంటుంది. ముఖం ఎర్రబడిపోతుంది, ఊపిరి అందదు. కిరసనాయిలు ఓడ మీద రావాలి. వచ్చినా వీళ్ళ వీధి దాకా రాదు. పోయిన వానాకాలమంతా పచ్చి కట్టెతో వేగిన శారదాదేవి ఈసారి మొగుడికి ఒకే మాట చెప్పింది.

"ఏమండీ, వానలు పట్టేలోగా ఎండుకట్టె ఇంట్లో ఉండాలి. లేదంటే పిల్లని తీసుకుని వైజాగు ఓడెక్కేస్తాను. మా అమ్మావాళ్ళింట్లో గ్యాసు పొయ్యి ఉంది."

పిల్ల లేని ఇల్లు ఎలా ఉంటుందో చలపతి ఒక్క క్షణం ఊహించుకుని, మర్నాడే లారీతో మొద్దులు తెప్పించి పెరట్లో దింపించాడు. అప్పటికింకా మంచి ఎండలు. గొడ్డలి మనిషిని పిలిచి చీల్పిస్తే పని అయిపోయేది. కాని గొడ్డలి దెబ్బకు పేడు ఎగిరి పిల్ల కంట్లో పడితే? కాబట్టి యంత్రం కావాలి. ఏ యంత్రం?

పక్కింటి నూకన్న ఇక్కడే పుట్టి పెరిగినవాడు, జెట్టీలో పని. అడక్కుండానే సలహా ఇచ్చాడు.

"పెట్రోలు రంపం తెప్పించీండి మాస్టారూ. ధడ్ ధడ్ ధడ్! రేవు అవతల హోప్ టౌన్ దాకా ఇనిపించాలి. ఒక్క రోజులో కామ్ ఖతం."

"మరి పిల్ల నిద్ర?"

"అయితే కరెంటుది కొనండి."

"వానలో షాక్ కొడితే?"

"కరెంటుంటే గదా బాబూ కొట్టడానికి!"

చలపతి నవ్వలేదు. కరెంటు లేనప్పుడు పని జరగదు, ఉన్నప్పుడు ప్రాణానికి భయం. ఆ యంత్రం రెండు విధాలా పనికిరాదని శాస్త్రీయంగా తేల్చాడు. తిరిగే రంపమైతే వేళ్ళు తెగుతాయి, తిరిగే ఇరుసుతో మొద్దును చీల్చే మరైతే చెయ్యి నలుగుతుంది. ఆయన సందేహాలు ఓడల మీద మెయిన్‌లాండ్ కంపెనీలకు వెళ్ళాయి. జవాబులు ఓడల మీద వచ్చాయి. ఈలోగా మొద్దులు పెరట్లో దర్జాగా పడుకుని, లోపలి తడిని లోపలే భద్రంగా దాచుకున్నాయి. చీల్చిన కట్టె తొందరగా ఆరుతుందని నల్లబల్ల మీద బొమ్మ వేసి మరీ పిల్లలకు చెప్పింది ఈయనే.

చివరికి కాలితో తొక్కే మర ఒకటి మనసుకు నచ్చింది. కోతకు చేత్తో లాగే రంపం ఉంటుంది. చీల్చడానికి మాత్రం తొక్కుడు పలక ఎక్కాలి. బాగా బరువు పడితేనే పైనుంచి ఇనుప కత్తి దిగుతుంది. పాకే పిల్ల కాదు కదా, బడిపిల్ల ఎక్కి గెంతినా కదలదు. ఇంత క్షేమమైన యంత్రం భూమ్మీద మరొకటి లేదని చలపతి మురిసిపోయాడు.

మర ఓడలో రానే వచ్చింది. వాన మాత్రం ఏ ఓడకోసమూ ఆగకుండా ముందే వచ్చేసింది. పిల్ల దగ్గు మళ్ళీ మొదలైంది. శారదాదేవి అదే ఓడ తిరుగు ప్రయాణానికి టికెట్టు తీయించుకుంది.

మెయిన్‌లాండ్ నుంచి పెట్టె దిగిందంటే వీధివీధంతా చూడవస్తుంది. విప్పేదాకా అది అందరి సొత్తే. నూకన్న పలుగుతో పెట్టె పలకలు ఊడదీశాడు. వసారాలో మరను నిలబెట్టి మొద్దును అందులో పెట్టారు. చలపతి చొక్కా చేతులు మడిచి తొక్కుడు పలక ఎక్కాడు. ఏమీ జరగలేదు. గెంతాడు. పిల్లకు ఎంత క్షేమమో, పిల్ల తండ్రికీ ఆ మర అంతే క్షేమంగా ఉంది.

"కాస్త అన్నం తినండి మాస్టారూ," అంటూ నూకన్న కూడా ఎక్కాడు. మర మూలిగింది. "దీదీ, నువ్వూ రా!"

శారదాదేవి పిల్లను నూకన్న భార్య చేతిలో పెట్టి, ముఖంలో ఏ భావమూ లేకుండా వచ్చి మొగుడి వెనక నిలబడింది. ముగ్గురూ కలిసి ఎగిరి దూకితే మొద్దు చీలింది. లోపలినుంచి నీళ్ళు కారాయి.

"యే లో! కట్టె అడిగితే మీ మర కొబ్బరిబోండం ఇచ్చినాది," అన్నాడు నూకన్న.

వీధంతా నవ్వింది. శారదాదేవి లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచింది.

అది పిల్ల స్నానం వేళ. దిక్కుతోచని చలపతి కాలికి తగిలిన పెట్టె పలకను తీసి మోకాలికేసి విరిచాడు. పొయ్యిలో పెట్టాడు. ఎక్కడో కోసి ఆరబెట్టి, గోదాముల్లో ఏళ్ళకేళ్ళు మగ్గిన చెక్క అది. భగ్గున అంటుకుంది. పొగ లేదు. నీళ్ళు కాగాయి. పిల్ల పొయ్యికి ఎదురుగా కూర్చుని మంటను చూసి చప్పట్లు కొట్టింది గాని, దగ్గలేదు.

శారదాదేవి చేతిలో మడతపెట్టిన గౌనుతో గుమ్మంలోకి వచ్చింది.

"ఇది ఎన్నాళ్ళొస్తుంది?"

"పెట్టె అయ్యేదాకా."

"తరవాత?"

"పెట్టెలకేటి కరువు దీదీ?" అన్నాడు నూకన్న. "మా ఇంట్లో కోళ్ళు పెట్టెలో పడుకుంటాయి, దేవుడు పెట్టె మీద కూకుంటాడు. కోళ్ళది తీసుకోండి. దేవుడిది మాత్రం అడక్కండి. మాస్టారూ, ఇంకోపాలి మర వద్దని రాసి, ఒట్టి పెట్టె పంపమనండి!"

"ఆగు నూకన్నా. కోళ్ళ పెట్టె అంటే తేమ ఉంటుంది. మేకులు తుప్పుపట్టి ఉంటాయి. ముందు ఏ రకం పెట్టె మంచిదో..."

శారదాదేవి వెనక్కి తిరిగి ట్రంకుపెట్టె వైపు నడిచింది.

చలపతి గదిలోకి వెళ్ళాడు. దీవికి వచ్చిన కొత్తలో సామాను పెట్టె పలకలతో తనే చేసుకున్న పుస్తకాల అలమార గోడకు ఉంది. కాలేజీ నాటి పుస్తకాలన్నీ మంచం మీద కుమ్మరించి, దాన్ని ఒక్క తాపు తన్నాడు. పలకలు ఊడి చేతికొచ్చాయి. ఏ పలక ముందు కాల్చాలో కూడా ఆలోచించలేదు.

ఆ చప్పుడుకు శారదాదేవి వచ్చి చూసింది. చూసి, పెట్టెలోంచి టికెట్టు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

"వచ్చే ఓడ దాకా చూస్తాను. పోయి ఇది తిరిగిచ్చి రండి. దారిలో ఏ యంత్రాల దుకాణం ముందూ ఆగకండి."