విన్నవాళ్ళు తిరిగి చెప్పాలి

ఇంకాస్త ముందుకు జరగండి. గోడకు ఆనుకున్నవాళ్ళు కూడా ఇటు రండి. మా వీధిలో ఆటోలు ఎక్కువ, దూరంగా కూర్చుంటే సగం మాట హారనే మింగేస్తుంది. బొరుగుల పళ్ళెం మధ్యలో పెట్టాను, చెయ్యి చాస్తే అందుతుంది. తింటూ వినండి, తప్పులేదు. నిద్రపోతే మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే మా ఇంట్లో విన్నవాళ్ళు తిరిగి చెప్పాలి. ఆ పద్ధతి ఎలా వచ్చిందో, అది ఒక అమ్మాయి విషయంలో ఏం చేసిందో చెబుతాను.

నేను చదివింది ఐదో తరగతి వరకే. అక్షరం అక్షరం కూడబలుక్కుంటాను. పేపర్లో పెద్దక్షరాల వార్త ఒకటి పూర్తయ్యేసరికి పొయ్యి మీద పప్పు ఉడికిపోతుంది. కానీ చెవిన పడ్డది పోదు. నా పెళ్ళిలో వంటవాళ్ళు సాంబారు దగ్గర పోట్లాడుకున్న మాటలు ఇప్పుడడిగినా వరసగా చెబుతాను.

మా కోడలు కథలు రాస్తుంది. తిరుపతిలో సాహిత్య సభలకు కొదవ లేదు. ఒక సభలో కథ చదవడానికి సంబరంగా వెళ్ళి, సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది.

"ఏమన్నారు మే?" అని అడిగాను.

"బాగుండాదన్నారత్తా."

"మరి ఆ మొగమేంది?"

"అందురిదీ బాగుండాదనే అన్నారు. ఒగాయన మాత్రం నా కతలో కాలం లేదన్నాడు. కాలమంటే ఏందో నాకు తెలీలా. అడిగితే ఇంగా సేపు చెప్పినాడు, ఇంగా తెలీలా."

నాకు చదివి వినిపించమన్నాను. రాగిపిండి జల్లిస్తూ విన్నాను. ఒక పెద్దావిడ రేణిగుంట స్టేషన్లో రైలు కోసం కూర్చుని ఉంటుంది, అదీ కథ. అయిపోయాక నా అభిప్రాయం అడిగింది. అభిప్రాయం చెప్పడం నాకెప్పుడూ అలవాటు లేదు, "సరేలే" అని ఊరుకున్నాను. మర్నాడు కొళాయి దగ్గర పక్కింటామె కనబడితే, నిన్న ఒక కథ విన్నానమ్మా అని మొత్తం ఆమెకు చెప్పాను. లోపల వంకాయలు కోస్తున్న కోడలు కత్తిపీట వదిలేసి బయటికి వచ్చింది.

"అత్తా, ఆమె చెల్లెలి సంగతి యాడ పోయింది? రెండు పేజీలు రాసినానే!"

"చెల్లెలుందా?" అన్నాను. ఏదీ మరవని నాకే అది నిజంగా గుర్తు లేదు.

"ఉండాది! మరి ఆ గొడుగు గురించి నేను ఒగ ముక్కే రాసినాను, దాన్ని నువ్వు అంతసేపు చెప్పినావే?"

"గొడుగు నా కండ్లకు కనపడింది మే. ఆ చెల్లెలు కనపళ్ళా."

సాయంత్రానికి కథలో చెల్లెలు లేదు. గొడుగు ఉంది.

మా పద్ధతి అలా పుట్టింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా హాల్లో చాపలు వేస్తాం. ఒకరు తమ కథ చదువుతారు. చదవడం అయిన క్షణం నుంచి రాసినవాళ్ళు నోరు విప్పకూడదు. ఇంకొకరు కాగితం చూడకుండా ఆ కథను తిరిగి చెప్పాలి. చెప్పేటప్పుడు ఏదైనా వదిలేస్తే మిగతావాళ్ళు "జారింది!" అంటారు. ఏం జారిందో చెప్పరు, చెప్పేవాళ్ళే వెనక్కి వెళ్ళి వెతుక్కోవాలి. కథలో లేనిది కలిపితే "పెరిగింది!" అంటారు. ఏదైనా జారినా ఎవరికీ పట్టకపోతే, అది కథకు అక్కర్లేనిదన్నమాట. చివర రాసినవాళ్ళు ఏం తీసుకుంటారో, ఏం వదిలేస్తారో చెప్పి లేస్తారు. ఇది నిజంగా జరిగిందా అని మాత్రం ఎవరూ అడగకూడదు. బాగుంది అనే మాటకు మా ఇంట్లో చోటు లేదు. ఒకసారి కండక్టరు పొరపాటున ఆ మాటంటే టీ గ్లాసులన్నీ ఆయన చేతే కడిగించాను.

కండక్టరంటే ఆర్టీసీలో చేసి రిటైరైన పెద్దమనిషి. దయ్యాల కథలు రాస్తాడు. ఆయన రాసిన దయ్యాలన్నీ పూతలపట్టు క్రాసులోనే దిగుతాయి. "ఏం అన్నా, ఒగదానికన్నా చిత్తూరుదాకా టికెట్టియ్యకూడదా?" అని గాజులాయన ఎగతాళి చేస్తాడు. ఈ గాజులాయన మా బజారులో అంగడి నడిపే సాయిబు. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా కథలు తెలుగులో రాస్తాడు. కథ తిరిగి చెప్పాలంటే చేతులు లేకుండా చెప్పలేడు, గాజులు తొడిగేటప్పటిలాగే వేళ్ళు తిప్పుతాడు. వీళ్ళిద్దరు, కోడలు, నేను. ఆ తర్వాత వచ్చి చేరింది శ్రీ సిటీ అమ్మాయి.

అక్కడి ఫ్యాక్టరీల్లో, ఫోన్ల భాగాలు చేసే కంపెనీలో పని ఆమెకు. తెల్లవారకముందే కంపెనీ బస్సు, మళ్ళీ సాయంత్రం బైపాసు దగ్గర దిగడం. సెలవు దొరికేది ఆదివారమే, ఆ ఒక్క పూటా మా ఇంటికి వచ్చేది. మెల్లగా మాట్లాడుతుంది. కథ తిరిగి చెప్పిందంటే మాత్రం ఏదీ జారదు. అలాంటి చెవి నాకు తప్ప ఇంకెవరికీ లేదనుకునేదాన్ని, కాదని తెలిసి సంతోషపడ్డాను.

ఒక శనివారం సాయంత్రం బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. మెడలో కంపెనీ కార్డు కూడా తియ్యలేదు.

"పెద్దమ్మా, రేపు ఆయన గూడా వస్తాడంట."

"రానీ. ఇంగో చాప ఎయ్యాల, అంతే కదా?"

"అది కాదు పెద్దమ్మా. ఎవురో షాపు కాడికి పోయి, మీ ఇంటి సంగతులన్నీ మీ ఆడది ఆదివారం ఆదివారం పదిమందికి చదివి వినిపిస్తా ఉండాదంట కదప్పా అని ఎక్కించినారు. ఆయన గొడవేం పెట్టుకోలా. నేనొచ్చి వింటా, నాకు నచ్చకపోతే ఇంగ మానేద్దువు అన్నాడు."

ఆమె మొగుడు గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డింగ్ షాపు నడుపుతాడు. చెడ్డ అలవాట్లు లేవు. మాట తక్కువ, అన్నాడంటే దానిమీదే నిలబడే రకం. మానెయ్యమంటే ఆమె మానెయ్యాల్సిందే. ఆదివారం ఒక్కటీ పోతే ఆమెకు మిగిలేది కంపెనీ, వంటిల్లు.

"రేపు బస్సు కత చదవాలనుకున్నా," అంది. "చదవనా? లేకుంటే పిల్లకాయలకని కుందేలు కత ఒగటి రాసిపెట్టినా, అది చదివేదా?"

బస్సు కథలో ఏముందని భయపడుతున్నావని అడగబోయి ఆపుకున్నాను. అడగకూడదనే నియమం పెట్టింది నేనే.

"నీ ఇష్టం మే," అన్నాను. "కుందేలు చదివితే ఆయన కుందేల్నే వింటాడు. మానెయ్యమనడు. కానీ ఇంగ ఎప్పుటికీ కుందేళ్ళే రాసుకోవాల నువ్వు."

ఆదివారం ఇద్దరూ బండి మీద వచ్చారు. అతను గుమ్మం పక్కనే కూర్చుని హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను నియమాలన్నీ చెప్పాను.

"నాకు కతలు రావు పెద్దమ్మా."

"రాయమన్లా నాయనా. విన్నది చెప్పమంటా ఉండా. గేటు కొలతలు ఒగసారి వింటే గుర్తుంటాయా లేదా?"

"ఉంటాయి."

"అంతే ఇది గూడా."

ఆమె సంచిలోంచి కాగితాలు తీసింది. ఏది చదువుతుందోనని నేనూ చూస్తున్నాను. బస్సు కథే చదివింది.

కథలో ఒకామె కంపెనీకి పోతుంది. రోజంతా నిలబడి చేసే పని. సాయంత్రం బైపాసులో దిగి, ఇంటికి పోకుండా టీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుంటుంది. ఏమీ ఆలోచించదు, వచ్చేపోయే బండ్లను చూస్తూ టీ తాగుతుంది. ఇంట్లో అత్త ఎందుకింత ఆలస్యమంటే బస్సు లేటంటుంది. ఒకరోజు బెంచీ మీద ఉండగానే, సైకిల్ షాపు నడిపే మొగుడు బండి వెనక పాత టైర్లు కట్టుకుని ఆ దారిన పోతాడు. అతను ఆమెను చూడడు. ఆమె చూస్తుంది. పిలవదు. టీ తాగి ఇంటికి పోతుంది.

చదవడం అయ్యాక ఆమె కాగితాలు మడిచి తల వంచుకుంది. ఎవరు తిరిగి చెప్పాలో నిర్ణయించేది నేను. అతని వైపు చూపించాను. కోడలు వెనకనుంచి నా తొడ గిల్లింది. గిల్లితే గిల్లింది. తప్పు వెతకడానికి వచ్చిన మనిషికి తప్పొక్కటే వినబడుతుంది. తిరిగి చెప్పాల్సిన మనిషి అన్నీ వినాలి. ఆ సంగతి మీద నాకు ఏనాడూ అనుమానం లేదు.

అతను గొంతు సవరించుకున్నాడు. "పొద్దున్నే లేస్తాది. బస్సెక్కతాది. దినమంతా నిలబడే ఉంటాది, కుర్చీ ఉండదు. సాయంత్రం దిగి బెంచీ మీద కూర్చోని టీ తాగతాది. అత్త అడిగితే బస్సు లేటంటాది." అక్కడ ఒక క్షణం ఆగాడు. "బస్సు లేటు గాదు. ఒగనాడు మొగుడు ఆ దోవన పోతాడు, టైర్లు కట్టుకోని. పోయినాడు. ఆమె ఇంటికొచ్చేసింది. అంతే."

"జారింది," అన్నాడు గాజులాయన, నెమ్మదిగానే.

"జారింది," అంది కోడలు కూడా.

"ఏం జారింది?"

"చెప్పకూడదప్పా," అన్నాడు కండక్టరు. "డిపో కాడినుంచి మళ్ళా ఎక్కు."

అతను మళ్ళీ మొదలుపెట్టాడు. "అల్లం టీ?"

"అది కాదు."

"బ్యాగు ఒళ్ళో పెట్టుకోని ఉంటాది."

"అదీ కాదు."

హెల్మెట్టు పట్టీ పెడుతున్నాడు, తీస్తున్నాడు. ఆమె పెదవులు బిగించి చాప పుల్లలు చూస్తోంది. ఒక్క మాటంటే అయిపోయేది. ఇది ఉత్త కథే, మనది కాదు అని అనేసి ఉండొచ్చు. నేను కళ్ళతోనే గమ్మునుండమన్నాను. ఉంది.

"చూసింది," అన్నాడు అతను చివరికి. "ఆమె ఆయన్ని చూసింది. పిలవలా."

అతను సూటిగా పెళ్ళాం వైపు తిరిగాడు. "ఎందుకు పిలవలా?"

"ఆమెని అడగొద్దు నాయనా," అన్నాను. "ఇప్పుడు ఆమె ఈడ లేనట్టే లెక్క. కతని అడుగు."

"కత చెప్పలేదే పెద్దమ్మా."

"ఇంతసేపూ నీ నోట్లోనే ఉండె కదా. సూడు, యాడుండాదో."

గాజులాయన చేతులు కూడా కదల్లేదు. అతను కొలతలు గుర్తు చేసుకుంటున్నట్టు నేలమీద వేలితో గీస్తూ మాట్లాడాడు.

"పిలిస్తే ఆపతాడు. ఆపితే ఆమె బండెక్కాల. ఎక్కితే ఇంటికి పోవాల. పోతే పొయ్యి ముట్టించాల." వేలు ఆగింది. "టీ ఇంగా సగమే తాగింది కదా ఆమె."

"ఆఁ," అన్నాను.

"ఆయన మాత్రం నేరుగా ఇంటికి పోతాడా ఏంది? షట్టరు దించినాక మెట్ల మీద కూర్చోని ఫోను చూస్తా ఉంటాడు. ఏం ఉండదు దాంట్లో. ఊరికే కూర్చుంటాడు."

"పెరిగింది!" అని కండక్టరు, బస్సు మొత్తానికీ వినబడాలన్నట్టు అరిచాడు. "షట్టరు లేదు, ఫోను లేదు! కతలో ఇది లేనే లేదు!"

అందరం ఒక్కసారిగా నవ్వాం. అతని చెవులు ఎర్రబడ్డాయి. "లేదా? చదివినట్టే ఉండెనే నాకు," అని తనూ నవ్వేశాడు. అతని నవ్వు నేను చూడడం అదే మొదలు. ఆమె మాత్రం నవ్వలేదు. తలెత్తి అతన్నే చూస్తోంది, ఏదో కథ మొదటిసారి వింటున్నట్టు.

ఇక ఆమె మాట్లాడే వంతు. భయపడి కథ మార్చేస్తానంటుందేమో, పిలిచినట్టు రాస్తానంటుందేమోనని అనుకున్నట్టు కోడలు తర్వాత నాతో చెప్పింది. నేనలా అనుకోలేదు.

"అత్త అడిగేది ఎక్కువ సార్లు రాసినా. ఆయన ఒగసారే చెప్పినాడు, ఎవురూ జారిందనలా. తగ్గించేస్తా," అంది. "పిలవంది మాత్రం ఆడే ఉంటాది. కదిలించను. షట్టరు సంగతి తీసుకోను."

"ఎందుకు తీసుకోవు?" అన్నాడు అతను, నియమం మరిచిపోయి.

"అది నీ కత. కావాలంటే నువ్వే రాసుకోవాల."

కండక్టరు జేబులోంచి పెన్ను తీసి అతని ముందు పెట్టాడు. "ఇదో, తీసుకో అబ్బా."

"వద్దు సామీ. నాకు వెల్డింగ్ రాడ్డు సాలు."

టీలు తాగారు. వెళ్ళేటప్పుడు ఆమె చెప్పులు వేసుకుంటూ ఏమీ పట్టనట్టు నిలబడింది కానీ చెవులు ఇటే ఉన్నాయి. అతను హెల్మెట్టు పెట్టుకున్నాక నేనే అడిగాను.

"ఏమి నాయనా, వచ్చే ఆదివారం సంగతేంది?"

"నేను రాను పెద్దమ్మా," అన్నాడు. "మంగళం రోడ్డు కాడ ఒగరింటికి గేటు బిగించేది ఉండాది. ఆమెని ఈ సందు మొగదల్లో దింపేసి పోతా. ఎన్ని గంటలకు మొదలుపెడతారు మీరు?"

నేను చెప్పాను. ఆమె బండెక్కి కూర్చుంది.

ఆ కథ ఆ తర్వాత మళ్ళీ ఒకసారి మా హాల్లో చదివింది. గాజులాయన తిరిగి చెప్పాడు, పిలవని చోట ఆయన చేతులు రెండూ గాల్లోనే ఆగిపోయాయి, ఏదీ జారలేదు. ఇప్పుడు ఆమె కొత్తది ఒకటి రాస్తోంది. అందులో ఏముందో నాకు తెలుసు. చెప్పను, దాన్ని ముందు చదవాల్సింది ఆమె.

చాలాసేపు కూర్చున్నారు, కాళ్ళు చాపుకోండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మాట దాచుకోవాల్సిన అవసరం రాకుండా, దాచుకున్నదాన్ని ఎవరూ లాక్కోకుండా ఉండాలి. చెప్పే నోరు అలసిపోయే వేళకు వినే మనిషి ఒకరు మీ గడపలో ఉండాలి. పిల్లాపాపలతో, నిండు కుండలతో, నలుగురూ వచ్చిపొయ్యే వాకిలితో పదికాలాలు బాగుండండి.