ఇద్దరికీ ఒకటే గిటార్

ఒక వస్తువు ఒక్క పనే చేస్తుందంటే మా మరిదికి దాని మీద గౌరవం ఉండదు. మడత విప్పితే నిచ్చెనయ్యే స్టూలు, పాటలు కూడా వినిపించే టార్చిలైటు, ఒక కొసన స్క్రూడ్రైవరూ ఇంకో కొసన సీసా మూత తీసే కొక్కెమూ ఉన్న ఇనప ముక్క, ఇలాంటివి ఎక్కడ కనబడినా ఇంటికి మోసుకొస్తాడు. ఆ స్టూలు మీద కూర్చుంటే మెట్టు గుచ్చుకునేది, నిచ్చెనని ఎక్కితే ఊగిపోయేది. "రెండు పనులు చేస్తోంది కదా వదినా, కాస్త సర్దుకోవాలి" అనేవాడు. అతనికి పెళ్లి కాకపోవడానికి కూడా ఇదే కారణమని నేను ఏడిపించేదాన్ని. "వంటా వండి మోటారూ చుట్టే పిల్ల కావాలంటావు, అలాంటిది ఇంకా తయారవలేదు" అంటే తల వంచుకుని నవ్వేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. నలుగురిలో ఉంటే ఉన్నాడో లేడో కూడా తెలియదు.

కాలిపోయిన మోటార్లకూ ఫ్యాన్లకూ కొత్తగా రాగి తీగ చుట్టడం అతని పని. మా ఆయన దర్జీ. రెండు దుకాణాలకూ మధ్య ఒకటే గోడ, వెనక ఇద్దరికీ కలిపి ఒక గది, మేడ మీద మా కాపురం. ఇటు నుంచి ఇస్త్రీ ఆవిరి, అటు నుంచి వార్నిషు వాసన వచ్చి ఆ వెనక గదిలో కలిసేవి. నాకైతే అక్కడ కాసేపు నిలబడితే తల తిరిగేది. వాళ్లిద్దరికీ మాత్రం అదే స్వర్గం. సాయంత్రం షట్టర్లు దించేసి, చెరో చెక్క గిటారూ పట్టుకుని అందులో దూరేవారు.

తీగలన్నీ కలిపి మీటుతూ కింద నడక పట్టుకోవడం మా ఆయన వంతు. దాని మీద ఒక్కొక్క తీగనే పలికిస్తూ పాట నడిపించడం మరిది వంతు. పగలంతా అన్నదమ్ముల మధ్య 'టీ తాగావా', 'కరెంటు వచ్చిందా' తప్ప వేరే మాట ఉండేది కాదు. ఉన్న మాటలన్నీ ఆ గదిలోనే అయిపోయేవేమో. ఒకసారి మరిది నాతో, "అన్నయ్య కింద పట్టుకుని ఉంటే నాకు భయం ఉండదు వదినా, ఎంత పైకి వెళ్లినా మళ్లీ దిగి రావచ్చు" అన్నాడు. అతను ఒకేసారి అన్ని మాటలు మాట్లాడగా వినడం అదే మొదలు.

ఒక వానాకాలం పైకప్పు కారి మా ఆయన గిటార్ తడిసి ఉబ్బిపోయింది. తీగలు కట్టే చెక్క ఊడి చేతికొచ్చింది. అతికించారు, మళ్లీ ఊడింది. "ఇక ఈ అతుకులు నా వల్ల కాదురా, కరెంటు గిటార్ కొందాం" అన్నారు ఆయన. ఆ మాట చాలు మరిదికి. కాళ్లరిగేలా దుకాణాలు తిరిగాడు. తిరిగొచ్చి అన్నం ముందు కూర్చుని నాకు పాఠం చెప్పేవాడు. తీగల కింద అయస్కాంతాలు ఉంటాయట, వాటి చుట్టూ వెంట్రుకలాంటి రాగి తీగ వేల చుట్లు చుడతారట, అదే పికప్ అట. "మన మోటారు పనే వదినా. ఒక చుట్ట ఉంటే గొంతు సన్నగా, తేటగా వస్తుంది. రెండు చుట్టలు పక్కపక్కన పెడితే లావుగా, బొంగురుగా వస్తుంది."

"మీ అన్నయ్య గురకలాగా అన్నమాట" అన్నాను.

"అన్నయ్యకి నచ్చేది ఆ లావుదే" అన్నాడు, నవ్వకుండా.

ఆదివారం ముగ్గురం కలిసే వెళ్లాం. దుకాణదారుడు కళ్లజోడు నుదుటికి ఎత్తుకుని, అది కనబడక వెతుక్కునే మనిషి. చవకలో రెండు దించి చూపించాడు. ఒకటి సన్న గొంతుది, మరిది దాన్ని రెండుసార్లు మీటి కళ్లు మూసుకున్నాడు. ఇంకొకటి లావు గొంతుది, మా ఆయన ఒక్క దెబ్బ కొట్టగానే చిన్నపిల్లాడిలా నా వైపు తిరిగి చూశారు. "చెరొకటీ తీసుకెళ్లండి, ఇద్దరికీ సరిపోతుంది" అన్నాడు దుకాణదారుడు. మరిది వాటిని తిరగేసి, తీగలు నొక్కే మెడ అంచు వెంట వేలు పోనిచ్చాడు. మెడకు అడ్డంగా బిగించిన రేకుల కొసలు గరుగ్గా తగిలాయి. తీగలు బిగించే బిరడాలు తిప్పి చూశాడు, వదులుగా ఉన్నాయి. "రెండు రోజులకే శ్రుతి జారిపోతుందన్నయ్యా" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

అప్పుడు మూడోది వచ్చింది. మరీ చవకా కాదు, మరీ ఖరీదూ కాదు, ఆ రెండిటి ధరా కలిపితే దాదాపు ఇది. మంచి కొయ్య, నునుపైన అంచులు. ఒక చివర లావు పికప్, మిగతా చోట రెండు సన్నవి, వాటిని రకరకాలుగా కలపడానికి ఒక మీట. ఆపైన ఒక మరను పైకి లాగితే లావు పికప్‌లో సగం ఆగిపోయి అది కూడా సన్నగా పలుకుతుంది. ఇక చెప్పాలా, మా మరిది దాన్ని ఒళ్లో పెట్టుకుని దించలేదు. మీట అటు వేస్తే ఆయన గొంతు, ఇటు వేస్తే ఇతని గొంతు. "అన్నయ్యా, ఇందులో నువ్వూ ఉన్నావు, నేనూ ఉన్నాను" అన్నాడు.

"కలిసి వాయించాలంటే ఎలారా?" అన్నారు మా ఆయన.

"నా చెక్కది ఉందిగా."

నిజమే కదా అనుకున్నాం ముగ్గురమూ. దుకాణదారుడు అప్పటికే గుడ్డతో తుడిచేస్తున్నాడు.

ఇంటికొచ్చి, దాంతోపాటే కొన్న స్పీకరు పెట్టెకు తగిలించి మా ఆయన మొదటి దెబ్బ వేశారు. గోడ అవతల అలమారలో గాజు గ్లాసులు మోగాయి. పక్కన మరిది వేళ్లు చెక్క గిటార్ మీద పరుగెడుతున్నాయి, ఆ హోరులో దాని చప్పుడు మాత్రం వినబడలేదు. శబ్దం తగ్గించి చూశారు. తగ్గిస్తే ఆ లావు గొంతు కాస్తా దోమ పాటయింది. "ఇలా వినడానికైతే ఇంత మంచిది కొనడం దేనికి, వంతులేసుకుందాం, ఒకరు వాయిస్తే ఒకరు విందాం" అన్నారు ఆయన. మొదట్లో అదీ ముచ్చటగానే ఉంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. పికప్పులు ఎన్ని గొంతులైనా మారుస్తాయి, తీగల జత మాత్రం ఒక్కటే. పగలంతా కత్తెర పట్టిన చెయ్యి మా ఆయనది, సన్న తీగలైతే పుటుక్కున తెంపేసేవారు. మరిది వేళ్లనిండా రాగి కోసిన గీతలు, లావు తీగలు నొక్కితే నెత్తురొచ్చేది. తీగలు విప్పి, కొత్తవి ఎక్కించి, శ్రుతి చేసేసరికి సాయంత్రం గడిచిపోయేది. పోనీ పోట్లాడుకున్నారా అంటే అదీ లేదు. తమ్ముడి కోసమని ఆయన సన్న తీగలు ఎక్కించి, తెంపుకుంటూ, "నాకివే హాయిగా ఉన్నాయి" అనేవారు. అన్నయ్య కోసమని ఇతను లావు తీగలు ఎక్కించి, వేళ్లు జేబులో దాచుకుని, "నాకూ అవే బాగున్నాయి" అనేవాడు. మధ్యలో నేను చూస్తూ కూర్చోలేక చచ్చాను.

క్రమంగా మాటలు మారాయి. "నువ్వు వాయించుకోరా, నాకు చొక్కాలు మిగిలిపోయాయి." "నువ్వే వాయించన్నయ్యా, ఎండలు ముదిరాయి, ఫ్యాన్లు వచ్చి పడ్డాయి." ఇలా ఒకరికొకరు ఇచ్చుకుని ఇచ్చుకుని, చివరికి ఎవరూ తీసుకోలేదు. మా ఆయన కోటు లోపలి గుడ్డతో దానికి చక్కటి ముసుగు కుట్టారు. గిటార్ ఆ ముసుగులో గోడకు వేలాడింది. సాయంత్రాలు షట్టర్లు దించాక ఒకరు పైకొచ్చి పేపరు చదివేవారు, ఒకరు వీధి చివరిదాకా నడిచొచ్చేవారు.

ఒకరోజు నాకు ఒళ్లు మండింది. "మీ మర్యాదలు తగలెయ్య, ఇంకొకటి కొనుక్కోవచ్చు కదా" అని ఆయన్ని కడిగేశాను.

"వాడు ముచ్చటపడి ఎంచాడే. నేను వేరేది కొంటే వాడి ఎంపిక బాగాలేదని చెప్పినట్టు కాదూ?" అన్నారు.

అదే మాట మరిదిని అడిగితే, "నేను ఇంకొకటి తెస్తే, అన్నయ్యతో వాటాలు పంచుకున్నట్టుంటుంది వదినా" అన్నాడు. ఇళ్లూ స్థలాలూ పంచుకునే వాళ్లను చూశాను. గిటార్ పంచుకోవాల్సి వస్తుందని బెంగపడేవాళ్లను వీళ్లనే చూశాను.

ఏళ్లు గడిచాక, మా ఆయన తలంతా నెరిశాక, మరిది ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "అన్నయ్యకి ఒకటి కొంటాను వదినా. లావు గొంతుది. చెప్పకు, చేతిలో పెట్టేస్తాను. మళ్లీ కలిసి వాయించాలని ఉంది."

నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. "ఇవాళే వెళ్లు నాయనా" అన్నాను.

వెళ్లాడు. వట్టి చేతులతో వచ్చాడు. ఒకటి చూశాడట, బాగుంది కానీ దానికి ఒక్క గొంతే ఉందట, ఇంకాస్త డబ్బు పెడితే ఒక చుట్టను ఆపే మర ఉన్నది వస్తుందట. మళ్లీ వెళ్లాడు. ఆ మర ఉన్నదానికి మెడ లావట. "మీ అన్నయ్యకి ఒక్క గొంతు చాలయ్యా, ఏదో ఒకటి పట్రా" అని మొత్తుకున్నాను. "ఎలాగూ కొంటున్నాం, మంచిది కొందాం. ఇంకొక్క చోట చూసొస్తాను" అన్నాడు. ఇంకొక్క చోటు, ఆపైన ఇంకొక్క చోటు.

ఒక ఉదయం మా ఆయన గుడ్డ మీద సుద్దతో గీత గీస్తూ గీస్తూ కుర్చీలో కూర్చున్నారు. నేను కాఫీ తీసుకుని దిగేసరికి లేరు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు.

ఆ తర్వాత చాలా కాలం మరిది ఆ గది తలుపు తీయలేదు. చూడవచ్చిన వాళ్లలో ఎవరో, "ఇక ఆ గిటార్ నీదే కదా" అన్నారట. అతను లేచి బయటికెళ్లిపోయాడు. ఒక్కమాట అంటానేమోనని నాకు ఎదురుపడేవాడు కూడా కాదు. నేనేమంటాను? ఆయన ఉండగా కొన్నా, ఆ గదిలో నాలుగు సాయంత్రాలు ఎక్కువ గడిచేవి, అంతే. ఆ నాలుగు సాయంత్రాల కోసమే మనిషి కుమిలిపోయాడు.

మొన్న ఒక సాయంత్రం మెట్ల మీద బట్టలు మడతపెడుతుంటే కింద నుంచి ఆ లావు గొంతు వినిపించింది. పాత పాట, కానీ కింది నడక మాత్రమే. నా చేతులు ఆగిపోయాయి. దిగి వెళ్లి చూస్తే మరిది గోడకేసి కూర్చుని మీటుతున్నాడు. అన్నయ్య కోసమని తను ఆఖరిసారి ఎక్కించిన లావు తీగలే ఉన్నాయి, వేళ్లకు ప్లాస్టర్లు చుట్టుకున్నాడు. కొంత దూరం వెళ్లి తప్పుతున్నాడు, మళ్లీ మొదటికొస్తున్నాడు.

"పాటేదయ్యా? నీ వంతు వాయించు, వింటాను" అన్నాను.

తలెత్తలేదు. "నా వంతు ఎక్కడికీ పోదు వదినా, చేతుల్లో ఉంది. అన్నయ్యదే మర్చిపోతానేమోనని." ఇంకోసారి మీటి, "ఇదిగో, రెండో చరణంలోకి తిరిగే చోట అన్నయ్య ఏదో మార్చేవాడు. నేను పైన పాట ధ్యాసలో ఉండి సరిగ్గా పట్టుకోలేదు. రోజూ వినేదానివి కదా, నీకేమైనా గుర్తుందా?" అన్నాడు.

గుర్తు తెచ్చుకుందామని చూశాను. అన్ని సాయంత్రాలు ఆ మెట్ల మీదే కూర్చుని విన్నాను. విన్నదంతా పైన నడిచే పాటే. కింద మా ఆయన ఏం చేసేవారో ఒక్కరోజు కూడా చెవి పెట్టి వినలేదు.

"లేదయ్యా" అన్నాను.

అతను తల ఊపి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.